తెర మీద బసూన్: ఆన్‌లైన్‌లో నేర్చుకుంటూ అందరి సంగీతాన్నీ వాయించడం ఎలా?

బసూన్ అంటే పాశ్చాత్య వాద్యబృందంలో మంద్ర స్వరాలు పలికే పొడవైన గాలి వాద్యం. దాన్ని నేర్పే గురువులు నోటితో చెప్పేదానికన్నా చేత్తో చేసి చూపేదే ఎక్కువ. రీడు (రెండు పలచని రెల్లు రేకులు కలిపి కట్టిన, నోట్లో పెట్టి ఊదే ముక్క) సరిగా పలకడం లేదంటే దాన్ని తీసుకుని ఒకసారి ఊదుతారు, దానికి చుట్టిన తీగను పట్టకారుతో కాస్త నొక్కుతారు, కత్తితో రెండు గీతలు గీకి తిరిగి ఇస్తారు. ఆన్‌లైన్ పాఠంలో ఆ చేయి తెర అవతలే ఉండిపోతుంది. అందుకే పియానో వారికీ వయొలిన్ వారికీ రాసిన సలహాలు మనకు సగమే ఉపయోగపడతాయి.

తెర తీసుకున్నదానికి బదులు కూడా ఇస్తుంది. బసూన్ నేర్పేవారు ఎక్కడైనా అరుదే, ఇప్పుడు వారు ఎంత దూరాన ఉన్నా దొరుకుతారు. ఇన్నాళ్లూ పాఠ్యక్రమాల గడప దాటి లోపలికి రాని స్వరకర్తల రచనలూ అదే తెర మీదుగా వస్తాయి. కొన్నిసార్లు ఆ స్వరకర్తే వచ్చి ఎదురుగా కూర్చుంటారు. అందుకే ఎలా నేర్చుకోవాలి, ఏం వాయించాలి అన్న రెండు ప్రశ్నలనూ ఇక్కడ కలిపి చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. బసూన్ ఇంతవరకు పట్టుకోనివారు మొదటి రెండు మూడు పాఠాలైనా ఎదురుగా కూర్చుని నేర్చుకుంటే మంచిది. వాయిద్యాన్ని విరగకుండా కూర్చడం, బోకల్‌ను (రీడు తగిలించే సన్నని లోహపు గొట్టాన్ని) వంచకుండా దూర్చడం, పెదవుల పట్టు ఇవి పక్కన ఒక మనిషి ఉంటే పది నిమిషాల పని. లేకపోతే పది వారాలు పట్టవచ్చు.

మొదటి అడుగు: గదిని సిద్ధం చేయడం

నా శిష్యురాలు ఒకరు తొలి ఆన్‌లైన్ పాఠంలో దీర్ఘ స్వరం మొదలుపెట్టింది. ఒక క్షణం నిండుగా వినిపించింది, తర్వాత సన్నబడింది, నాలుగో క్షణానికి పూర్తిగా ఆగిపోయింది. "ఊపిరి అప్పుడే ఎందుకు వదిలేశావు?" అన్నాను. "వదల్లేదండీ, ఇంకా ఊదుతూనే ఉన్నాను" అంది. ఊపిరి గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాక గానీ నాకు విషయం తట్టలేదు. మాటల కోసం తయారైన ఆ సాఫ్ట్‌వేరు, మారకుండా సాగే స్వరాన్ని ఫ్యాను రొద అనుకుని తుడిచేస్తోంది! తప్పు ఆమె ఊపిరిది కాదు, నా చెవిదీ కాదు.

కాబట్టి పాఠానికి ముందు రొదను తగ్గించే సౌకర్యాన్ని, ధ్వనిని తనంతట తానే పెంచి తగ్గించే సౌకర్యాన్ని ఆపేయండి. జూమ్‌లో ఇందుకోసం 'సంగీతకారులకు అసలు ధ్వని' అనే అమరిక ఉంది. వేరే సాఫ్ట్‌వేరు వాడితే సెట్టింగులలో ఇలాంటిదే వెతకండి. ఆపలేని సాఫ్ట్‌వేరైతే పాఠానికి పనికిరాదనే నా అభిప్రాయం.

హెడ్‌ఫోన్లు తప్పనిసరి. బసూన్ అట్టడుగు బి ఫ్లాట్ సుమారు 58 హెర్ట్జ్. ఫోనులోని చిన్న స్పీకరు ఆ లోతును దాదాపు పలకలేదు, దాని మీద తోడుగా పలికే సన్నని ఉపస్వరాలను మాత్రమే వినిపిస్తుంది. గురువు వాయించిన నిండైన మంద్ర స్వరం మీకు ముక్కుతో పాడినట్టు వినబడితే కారణం అదే. మైకును బెల్ (వాయిద్యం పై కొసన తెరుచుకునే భాగం) దగ్గర పెట్టకండి. ఈ వాయిద్యంలో శబ్దం బెల్ నుంచే కాక రంధ్రాలన్నిటి నుంచీ వస్తుంది. బెల్ ముందు పెడితే అట్టడుగు స్వరాలు గర్జిస్తాయి, మిగతావి దూరంగా ఉండిపోతాయి. మీటరు, మీటరున్నర దూరంలో ఛాతీ ఎత్తున పెడితే అన్నీ కలిసి వినిపిస్తాయి.

కెమెరా విషయంలో అందరూ చేసే పొరపాటు ముఖాన్ని మాత్రమే చూపడం. గురువుకు మీ ముఖం కన్నా మీ ఎడమ బొటనవేలు ముఖ్యం. ఆ ఒక్క వేలి కింద తొమ్మిదికి అటూ ఇటూగా మీటలు ఉంటాయి, అవన్నీ మీ వైపు తిరిగి ఉంటాయి. ముందు నుంచి చూసేవారికి అది కనబడదు. ముందు ఒక కెమెరా ఉంచి, ఫోనును ఎడమ భుజం వెనుక నుంచి కాస్త పైగా నిలిపి రెండో కెమెరాగా కలపండి. రెండో పరికరం లేకపోతే పాఠంలో పది నిమిషాలు కుర్చీ తిప్పి కూర్చోండి.

దాని వల్ల ఏం తెలుస్తుందో ఒక ఉదాహరణ. బాస్ క్లెఫ్ (మంద్ర స్వరాల స్వరలిపి గుర్తు) పై గీత మీద ఉండే ఎ, దాని పైన వచ్చే బి ఫ్లాట్, బి, సి స్వరాల ఆరంభంలో కొందరికి అడుగు నుంచి ఒక గరగర తోడుగా వస్తుంది. గురువుకు ముఖమే కనబడితే "పెదవులు సరిచేసుకో, ఊపిరి పెంచు" అంటారు. బొటనవేలు కనబడితే అసలు సంగతి బయటపడుతుంది. స్వరం మొదలయ్యే క్షణంలో పై సి మీటను (ఎ స్వరానికి సాధారణంగా పై ఎ మీటను) ఒకసారి తాకి వదలాలి, ఆ తాకడం లేదు. దీన్నే ఫ్లికింగ్ అంటారు. అలాగే ఎఫ్ షార్ప్, జి, జి షార్ప్ స్వరాలకు ఎడమ చూపుడు వేలు రంధ్రాన్ని సగమే మూయాలి. వేలు పైకి లేవకూడదు, కిందికి దొర్లాలి. దొర్లుతోందో లేస్తోందో చెవికి తెలియదు, కంటికి తెలుస్తుంది.

ఇంటర్నెట్‌కు వీలైతే తీగ కలపండి, వైఫై కన్నా నమ్మకం. అయినా కలిసి వాయించే ఆశ మాత్రం పెట్టుకోకండి. గాలిలో శబ్దం మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 25, 30 మిల్లీసెకన్ల ఆలస్యం దాటితే లయ జారిపోవడం మొదలవుతుంది, మామూలు వీడియో కాల్ ఆలస్యం అంతకు ఎన్నో రెట్లు. జాక్‌ట్రిప్, జమూలస్ వంటి సాఫ్ట్‌వేర్లు దూరం ఎక్కువ లేనప్పుడు ఈ ఆలస్యాన్ని బాగా తగ్గిస్తాయి గానీ వాటిని అమర్చుకోవడమే ఒక విద్య. పాఠానికి తేలిక దారి వేరే ఉంది. గురువు రెండో బసూన్ భాగాన్ని రికార్డు చేసి పంపుతారు, మీరు దానితో కలిసి వాయిస్తే వారు వింటారు.

రెండో అడుగు: రీడు గురించి మాట్లాడటం నేర్చుకోవడం

ఆన్‌లైన్ పాఠాలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. వాయించేవారి లోపమా, రీడు లోపమా అన్నది గురువుకు తెర మీద తెలియదు. తెలియాలంటే మీరు వైద్యుడికి లక్షణాలు చెప్పినట్టు చెప్పగలగాలి.

రీడును రెండు మూడు నిమిషాలు నీటిలో నానబెట్టండి. బోకల్‌కు తగిలించకుండా, పెదవులు మొదటి తీగ దగ్గరికి వచ్చేలా నోట్లో పెట్టుకుని, బిగించకుండా ఊదండి. దీన్ని కూత అంటాం. మంచి రీడు కూతలో సన్నని స్వరం, లావు స్వరం కలిసి గలగలమంటాయి. ఒకే ఒక సన్నని కూత వస్తే రెల్లు మందంగా ఉందనో, రీడు నోరు (కొసన రేకుల మధ్య సందు) మూసుకుపోయిందనో అనుమానించాలి. అడుగు గరగర తప్ప మరేదీ రాకపోతే రెల్లు పలచబడి ఉండవచ్చు, నోరు మరీ తెరుచుకుని ఉండవచ్చు. పాఠం మొదట్లోనే ఈ కూతను మైకులో వినిపించండి. తర్వాత రీడును వెలుగుకు ఎదురుగా పట్టి నీడ చూపండి. ఎడమ, కుడి నీడలు సమానంగా ఉన్నాయా అన్నది కెమెరాలో చక్కగా తెలుస్తుంది.

చిన్న సవరణలు మీరే చేయాలి కాబట్టి తీగల లెక్క తలకెక్కించుకోండి. అంచుకు దగ్గరగా ఉన్నది మొదటి తీగ. దాన్ని పక్కల నుంచి నొక్కితే రీడు నోరు తెరుచుకుంటుంది, పై నుంచీ కింద నుంచీ నొక్కితే మూసుకుంటుంది. రెండో తీగ దగ్గర ఇదంతా తలకిందులు. పక్కల నుంచి నొక్కితే నోరు మూసుకుంటుంది. నేను మొదట్లో ఈ రెండింటినీ తారుమారు చేసి మంచి రీడులు ఎన్ని పాడుచేశానో లెక్క చెప్పను. నొక్కేది వెంట్రుకవాసి మాత్రమే, నానిన రీడునే నొక్కాలి, నొక్కిన ప్రతిసారీ ఊది చూడాలి.

రీడుకో అంకె వేసి, ఎప్పుడు మొదలుపెట్టారో, ఏం సవరించారో పుస్తకంలో రాయండి. కుదిరితే ఏడాదికి ఒకసారి మీ రీడులు రెండు గురువుకు పోస్టులో పంపండి. వారు ఊది చూసి చెప్పే నాలుగు మాటలు నెలల అయోమయాన్ని తీరుస్తాయి.

మూడో అడుగు: గురువులు, ఉచిత వనరులు

ఉచితంగా దొరికేవాటిలో రెండింటిని ముందుగా చెబుతాను. క్రిస్టిన్ వోల్ఫ్ జెన్సెన్ రూపొందించిన 'మ్యూజిక్ అండ్ ద బసూన్' మొదటి పాఠం నుంచీ వీడియోలతో సాగే బోధనా పద్ధతి. టెర్రీ ఈవెల్ చేసిన 'బసూన్ డిజిటల్ ప్రొఫెసర్' వీడియోలు ఒక్కో సమస్యను విడిగా తీసుకుంటాయి. వేళ్ల అమరికలకు 1971లో ఏర్పడిన అంతర్జాతీయ డబుల్ రీడ్ సొసైటీ సైటు చూడండి. కాపీహక్కు గడిచిన స్వరలిపికి 2006లో మొదలైన ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. వైసెన్‌బోర్న్ అభ్యాసాలు, మిల్డే కచేరీ అభ్యాసాలు అక్కడ దొరుకుతాయి. కాపీహక్కు గడువు దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి దించుకునే ముందు మీ దేశపు నియమం చూసుకోండి. ఇంకో జాగ్రత్త: వీడియోలలో ఎక్కువ భాగం జర్మన్ పద్ధతి, అంటే హెకెల్ పద్ధతి బసూన్‌కు చేసినవి. మీ చేతిలో ఉన్నది ఫ్రెంచ్ పద్ధతిదైతే ఆ వేళ్ల అమరికలు సరిపోవు.

గురువును ఎంచుకునేటప్పుడు వారి కచేరీ వీడియోలు చూసి మురిసిపోకండి. ఒక పాఠం తీసుకుని రెండు విషయాలు గమనించండి. మీ రీడు గురించి అడిగారా? మీరు వాయించినదాన్ని తిరిగి మాటల్లో పెట్టి "నువ్వు విన్నది ఇదేనా?" అన్నారా? రెండూ లేకపోతే వేరేవారిని చూసుకోవచ్చు.

పాఠానికి ముందురోజు మూడు నాలుగు నిమిషాల రికార్డింగు పంపే అలవాటు చేసుకోండి. కాల్‌లో నలిగిపోయే ధ్వని ఛాయలు రికార్డింగులో నిలుస్తాయి. దానివల్ల మరో లాభం కూడా ఉంది: పంపే ముందు మీరే నాలుగుసార్లు విని సగం తప్పులు దిద్దుకుంటారు.

నాలుగో అడుగు: ఏం వాయించాలి?

మన పాఠ్యక్రమం ఎక్కడైనా ఒకే వరుసలో నడుస్తుంది. వివాల్డి, 1774 నాటి మొజార్ట్ కచేర్టో (ఒక వాయిద్యం ముందుండి వాద్యబృందంతో కలిసి వాయించే రచన), వేబర్, ఎల్గార్ రొమాన్స్, 1921లో సాన్-సాన్స్ రాసిన సొనాటా. గొప్ప రచనలే, ఒక్కటీ వదలమనను. కానీ ఇంత పెద్ద ప్రపంచంలో బసూన్‌కు రాసినవారు ఈ నలుగురైదుగురేనా? ఇక్కడొక విచిత్రం ఉంది. వివాల్డి బసూన్‌కు 39 కచేర్టోలు రాశాడు (రెండు అసంపూర్ణం). ఆయన ఏళ్ల తరబడి పనిచేసిన వెనిస్ పియెతా అనాథాశ్రమంలో వాద్యబృందమంతా ఆడపిల్లలదే. మన వరుస మొదట్లోనే వారున్నారు, పాఠ్యక్రమంలోకి మాత్రం స్త్రీల రచనలు రాలేదు.

చాలామంది చేసే పొరపాటు 'వైవిధ్యం' అని ఒక అర పెట్టి ఏడాదికి ఒక నెల దాన్ని తెరవడం. నేను చేసే పద్ధతి వేరు. శిష్యులు వాయిస్తున్న రచన ఏ నైపుణ్యం కోసమో ముందు రాసుకుంటాను. అదే నైపుణ్యాన్ని నేర్పే మరో రచనను ఇంకో చోటి నుంచి తెచ్చి పక్కన పెడతాను. రెండూ ఒకే వారం సాధన చేస్తారు. అప్పుడు కొత్త రచన దయతో చేర్చినదిగా కాక పనికోసం వచ్చినదిగా నిలుస్తుంది.

పొడవైన ఊపిరితో పాడినట్టు వాయించడం నేర్చుకునేవారికి ఎల్గార్ పక్కన ఫ్లారెన్స్ ప్రైస్ 'అడొరేషన్' పెట్టండి. 1951లో అచ్చయిన ఈ చిన్న ఆర్గన్ రచనకు బసూన్, పియానో అనుసరణలు ఉన్నాయి. క్లారా షూమన్ వయొలిన్‌కు 1853లో రాసిన మూడు రొమాన్సులను కూడా బసూన్‌పై వాయిస్తారు. అయితే అనుసరణలతోనే ఆగిపోతే ఒక తప్పుడు అభిప్రాయం మిగులుతుంది. వీరెవరూ బసూన్ కోసం రాయలేదు కాబట్టి అరువు తెచ్చుకుంటున్నాం అన్నట్టు ఉంటుంది. నేరుగా మన వాయిద్యానికే రాసినవి చాలా ఉన్నాయి.

స్వరశ్రేణులతో విసిగినవారికి విలా-లోబోస్ 1933లో బసూన్‌కూ తంత్రీ వాద్యాలకూ రాసిన 'సిరాండా దాస్ సెతె నోతాస్' ఇవ్వండి. పేరుకు అర్థం ఏడు స్వరాల గుండ్రని ఆట. సి మేజర్ శ్రేణిలోని ఏడు స్వరాల నుంచే అంతా పుడుతుంది. కష్టమైన రచనే, కానీ మొదటి పేజీని నెమ్మదిగా వాయించినా శ్రేణి అంటే ఇంత సరదానా అనిపిస్తుంది. అదే బ్రెజిల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో మిన్యోన్ ఎనభై దాటిన వయసులో, 1979 నుంచి 1981 మధ్య, ఒంటరి బసూన్‌కు 16 వాల్ట్‌జ్‌లు రాశాడు. ఫ్రాన్స్‌లో పుట్టి రియోలో స్థిరపడిన బసూన్ వాద్యకారుడు నోయెల్ దెవోస్ కోసం రాసినవి. పియానో తోడు అక్కర్లేదు కాబట్టి ఆన్‌లైన్ విద్యార్థికి ఇంతకన్నా అనువైనవి తక్కువ. వీటిని సాధన చేసేటప్పుడు మెట్రోనోమ్‌ను ప్రతి దెబ్బకూ కాక కొలతకు (మూడు దెబ్బల ఆవృత్తికి) ఒక్కసారి మోగేలా పెట్టండి. మధ్యలో లయను సాగదీసి, కొలత మొదటికి తిరిగి వచ్చి చేరడం అలవాటవుతుంది. ఆ జారుడు లేకపోతే అది వాల్ట్‌జ్ కాదు, వేళ్ల వ్యాయామం.

జాజ్ నుడికారం కావాలంటే లిబ్బీ లార్సెన్ 1977లో రాసిన 'జాజ్ వేరియేషన్స్' ఉంది, ఇది కూడా ఒంటరి బసూన్‌కే. కొత్త ధ్వనులు, పెద్ద స్వరదూరాలు భయపెట్టని స్థాయికి చేరినవారు ఇసాంగ్ యున్ 'మొనోలోగ్' చూడవచ్చు. కొరియాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన ఈ స్వరకర్త ఒక్కో దీర్ఘ స్వరాన్ని ప్రాణమున్న వస్తువులా వంచుతాడు, వణికిస్తాడు, అలంకరిస్తాడు. స్వరం అంటే స్థిరంగా నిలిచే చుక్క అనుకునేవారికి ఇది గట్టి పాఠం.

సోఫియా గుబైదులినా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆమె 1975లో బసూన్‌కూ మంద్ర తంత్రులకూ ఒక కచేర్టో రాసింది. తోడుగా నాలుగు చెల్లోలు, మూడు డబుల్ బాసులు, అంతే. వయొలిన్లు లేవు. మామూలుగా బసూన్ వాద్యబృందానికి అడుగున ఉంటుంది, ఇక్కడ అది లోతైన స్వరాల గుంపులో చిక్కుకున్న ఒక గొంతు. వాయించడానికి ఏళ్లు పట్టవచ్చు, వినడానికి మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. స్వరలిపి ఎదురుగా పెట్టుకుని, మిగతా వాయిద్యాలు బసూన్‌ను ఎక్కడ మింగేస్తున్నాయో, అది ఎక్కడ బయటపడుతోందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. రెండు బసూన్లకు ఆమె 1977లో రాసిన ద్వయ సొనాటా కూడా ఉంది. ఉన్నత స్థాయి వారు ఎలెన్ టాఫ్ జ్విలిచ్ 1992 కచేర్టో, జోన్ టవర్ 2013లో తంత్రులతో రాసిన 'రెడ్ మేపుల్' వెతుక్కోండి.

కలిసి వాయించడానికి జనం దొరికితే మార్గం ఇంకా విశాలం. లూయీజ్ ఫారెంక్ 1852లో పియానోకూ ఐదు గాలి వాద్యాలకూ రాసిన షట్కం మొజార్ట్, బీతోవెన్ పక్కన తల ఎత్తుకుని నిలుస్తుంది. వాలెరీ కోల్మన్ 1997లో స్థాపించిన ఇమానీ విండ్స్ అనే ఐదు గాలి వాద్యాల బృందం కోసం ఎన్నో రాసింది. వాటిలో 'ఉమోజా' (స్వాహిలీలో ఐక్యత) మధ్యస్థాయి వారికీ అందుతుంది. క్యూబాకు చెందిన పకీటో డిరివేరా 'ఐరెస్ ట్రోపికాలెస్' లయల విందు. మరిన్ని పేర్లకు ఇన్‌స్టిట్యూట్ ఫర్ కంపోజర్ డైవర్సిటీ, బొలాంజె ఇనిషియేటివ్ పట్టికలు వెతకండి.

జీవించి ఉన్న స్వరకర్తల రచనను కొని వాయించండి. ఎవరో పంపిన స్కాన్ కాపీతో 'అందరి సంగీతం' వాయించడం, రాసినవారి నోటి ముందు కూడు లాగేయడమే.

ఐదో అడుగు: అందరి చేతులు, అందరి కళ్లు

బసూన్ పొడుగాటి వేళ్లున్నవారికే అన్న మాటను నమ్మకండి. రెండున్నర మీటర్ల గొట్టాన్ని మడిచి 1.3 మీటర్లకు పైగా ఎత్తున చేసిన వాయిద్యం కాబట్టి రంధ్రాల మధ్య దూరం ఎక్కువే. అయితే చిన్న చేతుల కోసం దగ్గరగా మీటలు అమర్చిన నమూనాలు, వేలు అందని రంధ్రాన్ని మూసే మూత మీటలు, పిల్లల కోసం పొట్టి బసూన్లు ఉన్నాయి. బరువు చేతుల మీద పడకుండా కూర్చుని వాయించేటప్పుడు సీటు పట్టీ, నిలబడితే భుజాల జీను వాడాలి. మెడ పట్టీతో నొప్పి వస్తుంటే ఓర్చుకోవడం క్రమశిక్షణ కాదు, పట్టీ మార్చండి.

చూపు తక్కువున్నవారికి, స్వరలిపి చదవడం కష్టమైనవారికి టాబ్లెట్ వరం. పేజీని పెద్దది చేయవచ్చు, నేపథ్యపు రంగు మార్చవచ్చు, ఒక్క వరుసే చూపవచ్చు. టెనర్ క్లెఫ్ చూడగానే బిగుసుకుపోయేవారికి నేను మొదటి నెల అదే పేజీని బాస్ క్లెఫ్‌లో కూడా రాసి ఇస్తాను. ఇది మోసం అనే గురువులున్నారు. ముందు చెవి పట్టుకున్న రాగాన్ని కన్ను తర్వాత తేలిగ్గానే పట్టుకుంటుంది.

ఆరో అడుగు: స్వరకర్తతో మాట్లాడటం

మొజార్ట్‌కు ఉత్తరం రాయలేం. ఇవాళ రాస్తున్నవారికి రాయవచ్చు, చాలామంది జవాబిస్తారు. ముందుగా వారి పేరు ఎలా పలకాలో అడగండి. కచేరీలో ఆ పేరును తడబడకుండా చెప్పడం ఆ రచనకు ఇచ్చే మొదటి గౌరవం. పరిచయం రాసేటప్పుడు ఆమె స్త్రీ అనో, అతను ఫలానా జాతి అనో చెప్పి ఊరుకోకుండా, ఆ రచనలో బసూన్ ఏం చేస్తుందో ఒక వాక్యం రాయండి.

కొత్త రచన రాయించుకోవాలంటే డబ్బు కావాలి కదా అంటారు. ఐదారుగురు వాద్యకారులు కలిసి ఖర్చు పంచుకుని ఒక చిన్న రచన రాయించుకోవడం ఇప్పుడు మామూలే. అందులో మీ వంతు పని స్వరకర్తకు వాయిద్యాన్ని పరిచయం చేయడం. అరగంట కాల్‌లో అట్టడుగు నుంచి పై దాకా ఒక్కో స్వరం వినిపించండి. ఏది మెల్లగా మొదలుపెట్టడం కష్టమో, ఏ రెండు స్వరాల మధ్య బొటనవేలు గంతులు వేయాలో రెండో కెమెరాలో చూపండి.

బసూన్‌కు కొత్తవారైతే తొలి చిత్తులో అట్టడుగు ఎ రాసి పంపవచ్చు, మన దగ్గర బి ఫ్లాట్‌తోనే మెట్లు అయిపోతాయి. లేదని కొట్టేయకండి. బెల్‌లో కాగితాన్ని గొట్టంలా చుట్టి దూర్చి, బి ఫ్లాట్ వేళ్లతో ఆ ఎ ను వినిపించండి. కాగితం లోపల ఉన్నంతసేపూ అసలు బి ఫ్లాట్ రాదని, తీసి పెట్టడానికి రెండు కొలతల విరామం కావాలని కూడా అప్పుడే చెప్పండి.